నిద్రపోనివాళ్ళ రేపు

నేను తీసిన తెల్లవారుజాము ఫోటోలు చూసినవాళ్ళు ముందు మెచ్చుకునేది ఫోటోను కాదు, నన్ను. అంత పొద్దున్నే ఎట్లా లేస్తావమ్మా అని అడుగుతారు. మంచు పట్టిన సాలెగూడు, చెరువు మీద ఆవిరి, తామరాకుల మీద నడిచే పిట్ట, వీటిని చూసి నేనెంతో క్రమశిక్షణ గల మనిషిననుకుంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. నా జన్మలో ఆ వేళకు నా అంతట నేను నిద్ర లేచింది లేదు. ఆ వేళదాకా నిద్రపోకుండా ఉండటమే నాకు తెలిసిన విద్య. అందరికీ ఆ వెలుగుతో రోజు మొదలైతే నాకు రాత్రి ముగుస్తుంది. ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చి, కిటికీకి పాత చీర అడ్డం కట్టి పడుకుంటాను.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం. చిట్యాలలో మా బాపు కోడి కంటే ముందు లేచి పత్తి చేనుకు పోయే మనిషి. ఆయన కడుపున నేనెట్లా పుట్టానో ఎవరికీ అర్థం కాలేదు. చుట్టాలందరూ గుడ్లగూబ అని పిలిచేవాళ్ళు, నేనూ పలికేదాన్ని. జనగామలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు నాకు ఆ గుణం వల్ల మొదటి లాభం కలిగింది. అందరూ పడుకున్నాక చదువుకుంటూ కూర్చుని, కళ్ళు మండి మేడ మీదికి పోతే, నలుపు కరిగి నీలమై, నీలం బూడిద రంగై, నీలగిరి చెట్ల ఆకులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించడం చూశాను. సూర్యుడు రాకముందు ఆ కాసేపు దేనికీ నీడ ఉండదు. ఏ వస్తువూ ఇంకో వస్తువును మసక చెయ్యదు. అది చూశాక నాకు కెమెరా మీద పిచ్చి పట్టింది. అది చేతికి రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

పెళ్ళయి తొర్రూరు వచ్చాక చిక్కుల్లో పడ్డాను. మా అత్తగారింట్లో కోడలు సూర్యుడి కంటే ముందు లేచి, వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి ముగ్గు వెయ్యాలి. సాన్పు అంటే పేడ కలిపిన నీళ్ళు. కొన్నాళ్ళు బలవంతంగా లేచాను. ఒకరోజు నిద్రమత్తులో బకెట్టు సాన్పంతా పక్కింటివాళ్ళ వాకిట్లో చల్లి, ముగ్గు కూడా అక్కడే వేసి వచ్చాను. ఆ తర్వాత ఉపాయం తట్టింది. పడుకోబోయే ముందు, ఇంకా చీకటుండగానే ఆ పని ముగించడం మొదలుపెట్టాను. గల్లీలో ఆడవాళ్ళు లేచేసరికి మా వాకిట్లో ముగ్గు ఆరి తెల్లగా ఉండేది. ఆ ఇంటి కోడలు అందరికంటే ముందు లేస్తుందని పేరొచ్చింది.

అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. నిద్రపోక ముందు వేసింది నిన్నటి ముగ్గే అని ఆమె వాదన. మనిషి పడుకుని లేస్తేనే ఆ మనిషికి కొత్త రోజు. పన్నెండు దాటితే తారీకు మారుతుంది కాబట్టి అది ఇయ్యాల్టి ముగ్గే అని నా వాదన. మా ఆయన దగ్గరికి పంచాయితీ పోయింది. ఆయన హైస్కూల్లో లెక్కల సారు. ఊరందరితో పాటు నేనూ ఆయన్ని సారనే అంటాను. గడియారం ఏం చెబితే అదే లెక్క అని సారు నా వైపే తీర్పు చెప్పాడు. అత్తమ్మ గడియారం వైపు, కొడుకు వైపు చూసి, ఇద్దరూ ఒకటే అన్నట్టు మొహం పెట్టి లోపలికి పోయింది.

ఎవరో వాడి వదిలేసిన కెమెరా ఒకటి మా సొంత తమ్ముడు తెచ్చిచ్చాక నా రాత్రులకు ఒక అర్థం ఏర్పడింది. స్కూటీ మీద చెరువు కట్టకు పోయేదాన్ని. ఒకసారి సారుతో కలిసి బయ్యారం గుట్టల దాకా పోయి, ఆ ఎర్రమట్టి మొదటి వెలుగులో ఎండుమిర్చి రంగుకు తిరగడం ఫోటో తీశాను. అప్పుడు చిట్యాల, జనగామ, తొర్రూరు ఒకటే జిల్లా, బయ్యారం పక్క జిల్లా. ఇప్పుడు ఎక్కడి ఊరు ఏ జిల్లాలో పడిందో నేను ఆగి ఆలోచించుకోవాల్సి వస్తుంది.

ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన సమ్మెకు ముందటేడు ఎండాకాలంలో సారుకు గుండెపోటు వచ్చింది. హనుమకొండ దవాఖానలో స్టెంటు వేశారు. పరుగులు, కోపాలు, నిద్రలేని రాత్రులు ఆయనకు పనికిరావని, మందులు వేళ తప్పకూడదని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. ఆ తర్వాత నేను రాత్రులు మెలకువగా ఉండటాన్ని ఎవరూ వెక్కిరించలేదు. పక్కగదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఫోటోలు చూసుకుంటున్నా నా చెవి ఆయన ఊపిరి మీదే ఉండేది.

అట్లాంటి మనిషి సమ్మెలో సార్ల కమిటీకి మా మండలంలో పెద్దయ్యాడు. నేను వద్దన్నాను. ఆయన వినలేదు, నేను కూడా గట్టిగా అనలేదు, ఎందుకంటే రాష్ట్రం రావాలని నాకూ ఉంది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల నుంచి కదల్లేదు. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేశాం. నేనూ పొద్దెక్కి లేచి, అన్నం ఉడికే వేళకు పోయి కలిసేదాన్ని. ఒక సంగతి చెప్పాలి. లారీలు, బస్సులు లేని ఆ రోజుల్లో పొద్దు ఎంత శుభ్రంగా ఉండేదో. దుమ్ము లేదు, చప్పుడు లేదు. ఎప్పుడూ దూరంగా ఉండే పిట్టలు రోడ్డు పక్క తుమ్మల మీదికి వచ్చేవి. నా మంచి ఫోటోలు చాలావరకు ఆ సమ్మె కాలం నాటివే.

కానీ ఆ వేళకు ఇంకో పని కూడా జరిగేది. ఏదైనా పెద్ద కార్యక్రమం ఉందంటే పోలీసులు ముందే వచ్చి నాయకులను పట్టుకుపోయేవాళ్ళు. మనిషి ఇంట్లోనే ఉంటాడని, నిద్రలో ఉంటాడని సరిగ్గా తెల్లవారుజామునే వచ్చేవాళ్ళు. ఎక్కడెక్కడి స్టేషన్లకో తిప్పి, ఒకటి రెండు రోజులు ఉంచి వదిలేసేవాళ్ళు. మిగతావాళ్ళకు అది గర్వంగా చెప్పుకునే ముచ్చట. అక్కడి కటిక నేల, దోమలు, అరుపులు, వేళ తప్పిన మందులు మా సారు గుండె తట్టుకుంటుందా అన్నది ఒక్కటే నా భయం. ఆ భయాన్ని మించిన ఉద్యమం నాకు లేదని ఆయన ముఖం మీదే చెప్పాను.

బతుకమ్మ రోజులొచ్చాయి. వరంగల్లులో పెద్ద ర్యాలీ ఉందని ఊరంతా అనుకుంటున్నారు. ఒక రాత్రి పన్నెండు దాటాక ఫోన్ మోగింది. మా చిన్నమ్మ కొడుకు, వరసకు తమ్ముడు. పోలీసు కానిస్టేబుల్. నైట్ డ్యూటీలో ఉన్నాడు. గొంతు తగ్గించి ఒకటే మాట చెప్పాడు.

"అక్కా, రేపు పొద్దుగాల మీ ఇంటికి చుట్టాలొస్తరు. బావను యాడికన్న పంపు."

నేను అడిగేలోపే ఫోన్ పెట్టేశాడు. తిరిగి చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. సారును లేపి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని గోడ గడియారం చూశాడు. పన్నెండు దాటింది కదా, రేపంటే ఇంకో పొద్దు గడిచినాక వచ్చే పొద్దు, మనకు ఒక పూర్తి రోజు ఉంది, పొద్దున లేచి మందులు సర్దుకుని నెమ్మదిగా పోతాను అన్నాడు. లెక్క చెప్పేసిన నిశ్చింతతో అద్దాలు తీసి, అటు తిరిగి పడుకున్నాడు.

ముగ్గు పంచాయితీలో నా వైపు చెప్పిన తీర్పే అది. అప్పుడు సంబరపడ్డాను. ఇప్పుడు ఆ లెక్క వింటే ఒళ్ళు మండింది. ఫోన్ చేసినవాడు నిద్రపోని మనిషి. రాత్రంతా స్టేషన్లో కూర్చున్నవాడికి తారీకు మారినట్టు ఎట్లా తెలుస్తుంది? అదే కుర్చీ, అదే చాయ్, అదే లైటు. నిద్రపోనివాళ్ళకు ఆ రోజు ఇంకా అయిపోలేదు. వాళ్ళ రేపు ఇంకో నాలుగైదు గంటల్లో తెల్లారితే వచ్చేది. ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు, ఎందుకంటే నేను చిన్నప్పటినుంచి ఆ లెక్కలోనే బతుకుతున్నాను.

మళ్ళీ లేపితే సారు లేవలేదు. అత్తమ్మను లేపాను. ఆమె చీకట్లో మంచం మీద కూర్చుని అంతా విన్నది. పిలగాడు డ్యూటీల ఉన్నడా, పండుకొని లేసి చేసిండా అని ఒకే ప్రశ్న అడిగింది. డ్యూటీలోనే ఉన్నాడన్నాను.

"అట్లయితే గీ పొద్దే," అన్నది. "పండనోనికి నిన్న ఇంక అయిపోలే. లేపు వాన్ని."

అమ్మ పిలిస్తే లేవని కొడుకు లేడు. సారు అద్దాలు వెతుక్కుంటూ గొణుగుతూ లేచాడు. అప్పటికప్పుడు బండి మీద పోతే దారిలో ఆపుతారు, ఆ వేళ రోడ్డు మీద ఇద్దరు మనుషులు కనిపిస్తే వాళ్ళే దొరికిపోతారు. దారి అత్తమ్మే చెప్పింది. బతుకమ్మ రోజుల్లో మసక వెలుతురుకే మొగవాళ్ళు గునుగు పూలకు చేన్లలోకి పోతారు. పూల మూట మోసే మనిషిని ఎవరూ పేరు అడగరు. కెమెరా పట్టుకుని చెరువు వైపు పోయే నన్ను ఎట్లాగూ ఎవరూ అడగరు, ఆ పిచ్చి అందరికీ తెలిసిందే.

సారు లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టాడు. అద్దాలు తీసి నా బ్యాగులో వేశాను. అద్దాలు లేకపోతే ఆయన ముఖం ఆయనకే గుర్తుపట్టరాదు. మందుల డబ్బా కెమెరా పక్కన పెట్టాను. మసక వెలుతురు రాగానే గల్లీ చివరిదాకా స్కూటీని తోసుకుంటూ పోయి అక్కడ స్టార్ట్ చేశాను.

చెరువు కింద బీడు చేనులో గునుగు నడుము ఎత్తున ఉంది. కొనలు లేత గులాబీ, కింద తెలుపు, మొత్తం మీద మంచు. మామూలు రోజైతే ఆ చేను చూసి నేను ప్రపంచాన్ని మరిచిపోయేదాన్ని. సారు పూలు తెంపడం మొదలుపెట్టాడు. లెక్కల సారు పూలు తెంపడం చూడాలి, ఒక్కొక్క కాడ సమానంగా ఉండాలి ఆయనకు. గబగబా తెంపమని మెల్లగా కసిరాను. నేను స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, ఒక పువ్వు మీద ఫోకస్ పెట్టి నిలుచున్నాను.

జీపు రోడ్డు మీద లైట్లతో వచ్చింది. మమ్మల్ని దాటి, నెమ్మదించి, వెనక్కి వచ్చి ఆగింది. ముందు సీట్లోని అధికారి తల బయట పెట్టి ఇక్కడేం చేస్తున్నావని అడిగాడు. పూల ఫోటోలు తీస్తున్నానన్నాను. ఆయనకు కోపం రాలేదు, జాలి వచ్చినట్టుంది. సమ్మె చేస్తున్న సార్ల లీడర్ ఇల్లు ఏ గల్లీలో ఉందో తెలుసా అని అడిగాడు. నాకు అబద్ధం తట్టలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. బస్టాండు దాటినంక రెండో గల్లీ సార్, వాకిట్ల పెద్ద ముగ్గుంటది.

నా వెనక కాడలు విరిగే చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు జీపు వెనక నుంచి ఒక కానిస్టేబుల్ దిగాడు. రాత్రి ఫోన్ చేసిన తమ్ముడే. వాడు చేనులోకి నడిచి వచ్చాడు. పసివాడుగా ఉన్నప్పటినుంచీ నన్ను అక్కా తప్ప ఇంకో మాటతో పిలవనివాడు, నా ముఖంలోకి చూసి అమ్మా అన్నాడు.

"అమ్మా, మా ఇంట్ల గూడ బతుకమ్మ పేరుస్తరు. జర ఆ పెద్దమనిషిని గిన్ని పూలియ్యమను."

అన్నం పెట్టి పెంచిన వాడి నోట అంత పరాయి పిలుపు విని ఇంకో రోజైతే ఏడ్చేదాన్ని. ఆ పొద్దు నాకు దానికంటే తీయని మాట లేదు. ఇయ్యి తాతా, పోలీసు సారుకు పూలియ్యి, అన్నాను నేను మా ఆయనతో. సారు తల వంచుకుని రెండు చేతుల నిండా గునుగు ఇచ్చాడు. తీసుకునేటప్పుడు తమ్ముడి చేతులు ఆయన చేతుల కింద ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగాయి. జీపులోంచి అధికారి విసుక్కున్నాడు. వాడు పూలు ఒళ్ళో పెట్టుకుని ఎక్కాడు. జీపు మా ఇంటి వైపు పోయింది. తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళలో కలిసినా ఆ పొద్దు సంగతి వాడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

చప్పుడు దూరమయ్యాక సారు చేతిని ఛాతీ మీద పెట్టుకుని పూలలోనే కూలబడ్డాడు. నేను స్టాండు తన్నుకుంటూ పరుగెత్తాను. బ్యాగులో మందుల డబ్బా కోసం చెయ్యి పెట్టాను కానీ మూత రావడం లేదు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గది కాదే," అన్నాడు. "చీమలు. అంగీలకు ఎక్కినయి. వాళ్ళున్నంత సేపు కదలలే."

తువ్వాలుతో ఆయన్ని కొట్టాను. చీమలను కొట్టానని ఆయన అనుకున్నాడు. తర్వాత ఇద్దరం నవ్వాం, నవ్వుతూ నేను ఏడ్చాను, ఏడుస్తూ చీమలు దులిపాను. సూర్యుడు చెరువు కట్ట మీదికి వచ్చాడు. గునుగు కొనల మీద మంచు వెలిగింది. ఆ వెలుగు కాసేపే ఉంటుందని తెలిసీ నేను కెమెరా వైపు చూడలేదు. ఆ రోజుది ఒకే ఒక్క ఫోటో ఉంది. వేలు ఎప్పుడు నొక్కిందో తెలియదు. ముందు ఒక గునుగు స్పష్టంగా, వెనక తువ్వాలు చుట్టుకున్న మనిషి మసగ్గా. చూసినవాళ్ళు పువ్వును మెచ్చుకుంటారు.

పూల మూట ముందు పెట్టుకుని మానుకోట దారి పట్టాం. సారుతో పనిచేసే ఇంకో సారుది ఆ దారిలో ఒక తండా. వాళ్ళ ఇంట్లో ఆయన తల్లి ఒక్కతే ఉంది. వాళ్ళ భాషలో తల్లిని యాడీ అంటారు, మేమూ అట్లాగే పిలిచాం. ఎందుకొచ్చారని అడగలేదు. పూల మూట దించి నీళ్ళు చల్లింది. జొన్నరొట్టె చేసి పెట్టింది. గొంతులో రొట్టె దిగుతుంటే అత్తమ్మ ఫోన్ చేసింది. చుట్టాలొచ్చారట. వంటిల్లు, స్నానాల గది, ధాన్యం బస్తాల వెనక అన్నీ చూశారట. కోడలు రాత్రంతా నిద్రపోదు, పొద్దుగాలనే కొడుకును తోలుకుని పూలకు పోయిందని ఆమె ఉన్నదున్నట్టు చెప్పిందట. వాళ్ళు నమ్మలేదట. ఇట్లాంటి అబద్ధాలు వినీ వినీ చెవులు మొద్దుబారాయని అన్నారట.

కాసేపటికి ఇంకో ఫోన్ వచ్చింది. కమిటీలో మిగతా సార్లను ఎక్కించుకుపోయారని. సారు రొట్టె పక్కన పెట్టాడు. నా తోటివాళ్ళంతా జీపుల పోతుంటే నేను దొంగలెక్క తండాల కూసున్న, నువ్వే నన్ను గిట్ల చేసినవు అన్నాడు. గొంతు లేచింది. నుదుటి మీద నరం ఉబ్బింది. నాకు కూడా కోపం ఆగలేదు.

"తిట్టు," అన్నాను. "బతికి ఉండి ఎన్నన్న తిట్టు. నీ ర్యాలీకి ఇంకో లీడర్ దొరుకుతడు. నాకు ఇంకో మనిషి దొరకడు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట అంత బాహాటంగా అన్నది లేదు. యాడీ పొయ్యి దగ్గర చెయ్యి ఆపింది. సారు గోలీ అడిగాడు. ఇచ్చాను. వేసుకుని, ఆ రొట్టె ముక్క కూడా తిన్నాడు. యాడీ గుడిసె చాయలో మంచం వాల్చింది. రాత్రి సగం నిద్రలో లేపిన మనిషి, తల వాల్చగానే నిద్రపోయాడు. పట్టపగలు ఆయన నిద్రపోగా నేను ఎన్నడూ చూడలేదు.

నేను మంచం కోడుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. కళ్ళు మండుతున్నాయి. మామూలుగా ఆ వేళకు నాకు లోకం తెలియదు. కానీ కునుకు వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడి ఆయన ఛాతీ వైపు చూస్తున్నాను. అంగీ లేచిందా, పడిందా. మళ్ళీ లేచిందా. బయట మేకలు, పిల్లల అరుపులు, అర్థం కాని భాషలో ఆడవాళ్ళ మాటలు. యాడీ రొట్టెల పని ముగించి, చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు నేను చూస్తున్న వైపే చూసింది. ఏమీ చెప్పకపోయినా ఆమెకు అంతా తెలిసిపోయింది. తన దుప్పటి మడత తీసి నేల మీద పరిచింది.

"నువ్వు పండు బిడ్డా," అన్నది. "గాయిన ఊపిరి నేను సూస్త."

ఆమె మంచం పట్టె మీద చెయ్యి వేసి, సరిగ్గా నేను కూర్చున్నట్టే కూర్చుంది. నేను పక్కకు ఒరిగి నిద్రపోయాను.